అధ్యాపకుని బోధనా సంపుటము: కూర్పు, ప్రయోజనము

విశ్వవిద్యాలయాధ్యాపకుని పరిశోధనను పరీక్షింపగోరు వారికి అతని గ్రంథములు, వ్యాసములు ఎదుట నుండును. వానిని చదివి మంచిచెడ్డలు చెప్పవచ్చును. బోధన విషయమున నట్టి యాధారము లేదు. గంట మ్రోగినంతనే నల్లబల్ల తుడిచివేయబడును. పాఠము విన్నవారు వెడలిపోవుదురు. పదేండ్లు గడచిన పిమ్మట సమీక్షా సంఘము ముందు కూర్చున్న అధ్యాపకునకు, తాను చెప్పిన పాఠములకు గుర్తుగా హాజరుపట్టికయు, ఉత్తీర్ణుల శాతమును దక్క వేరేమియు మిగులదు. ఈ లోటు తీర్చుటకై పాశ్చాత్య దేశములందు వ్యాప్తికి వచ్చినది బోధనా సంపుటము. ఆంగ్లమున దానిని టీచింగ్ పోర్ట్‌ఫోలియో అందురు. దానిని మన యధ్యాపకు లెట్లు కూర్చుకొనవలెనో, ముఖ్యముగా అనంతపురము వంటి కరవుసీమలో పనిచేయువారు అందేమి చేర్పవలెనో, ఏమి చేర్పరాదో చెప్పుట ఈ వ్యాసోద్దేశము.

బోధనను పరీక్షించుట క్రొత్త సమస్య కాదు. కాళిదాసు రచించిన మాళవికాగ్నిమిత్రమున గణదాసు, హరదత్తుడు అను నాట్యాచార్యు లిరువురు తమలో నధికు లెవ్వరని వివాదపడి రాజు నొద్దకు వత్తురు. తీర్పు చెప్పవలసిన పరివ్రాజిక కౌశికి వారి వాదములను విని తృప్తి చెందదు. విద్యను తనయందు నిలుపుకొను నేర్పు వేరు, దానిని ఇతరులకు అందించు నేర్పు వేరు, రెండును గలవాడే ఆచార్యులలో ముందు నిలువదగినవాడని ఆమె యభిప్రాయము. కనుక వారి శిష్యుల ప్రదర్శనమును బట్టి తీర్పు జరుగవలెనని నిర్ణయమగును. కథలో ఇది రాజునకు మాళవిక దర్శనము కలుగుటకై విదూషకుడు పన్నిన పన్నాగమే. అయినను ఆచార్యుని శిష్యునియందు చూడవలెనను సూత్రము నేటికిని చెల్లును.

ఆ పరీక్షలో నొక లోపము కలదు. మాళవిక సహజముగా ప్రతిభావంతురాలు. తాను చూపినదానిని ఆమె మరింత మెరుగుగా తనకే తిరిగి నేర్పుచున్నట్లుండునని గణదాసే యొప్పుకొనును. అట్టియెడ ఆమె నాట్యమున గురువు పాలెంత, ఆమె పాలెంత? సభవారు తుది ప్రదర్శనమును మాత్రమే చూచిరి. ఆమె తొలినాడు ఏ స్థితిలో నుండెనో వారెరుగరు. పందొమ్మిదవ శతాబ్దిలో మద్రాసు రాజధానిలోని పాఠశాలలకు పరీక్షాఫలితములను బట్టి గ్రాంటు నిచ్చు పద్ధతి యుండెడిది. దానికిని ఇదే దోషము పట్టెను. తనిఖీనాటికి అప్పజెప్పగలిగిన పాఠమే పాఠమయ్యెను. బిడ్డ యెక్కడ బయలుదేరి యెక్కడకు చేరెనో అడిగినవారు లేరు.

బోధనా సంపుటము ఈ రెండు స్థితులను, వాని నడుమ అధ్యాపకుడు చేసిన పనిని కలిపి చూపుటకు ఏర్పడినది. దీని నాదిగా ప్రచారమునకు దెచ్చినవారు కెనడా దేశపు విశ్వవిద్యాలయాధ్యాపకులు. వారి సంఘము 1980లో దీనిని గూర్చి యొక మార్గదర్శిని వెలువరించెను. వారు దీనిని డోసియరు అనిరి. అమెరికాలో 1990లో ఎర్నెస్ట్ బోయరు, పరిశోధనతోపాటు బోధనకూడ పాండిత్యములో నొక రూపమేయని వాదించుచు గ్రంథము వ్రాసెను. మరుసటి యేడు పీటర్ సెల్డిన్ ఈ సంపుటమును గూర్చియే యొక పుస్తకము ప్రకటించెను. అప్పటినుండి ఆ దేశమున నియామకములకును పదోన్నతులకును దీని నడుగుట క్రమముగా పెరిగెను.

మన దేశమున పరిస్థితి వేరు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2010లో చేసిన నిబంధనలు అధ్యాపకుని పనినంతయు మార్కులలోనికి మార్చెను. 2018 నాటి నిబంధనలు బోధనకు సంబంధించినంతవరకు ఆ లెక్కను సులభము చేసెను. కేటాయించిన తరగతులలో నూటికి 80, అంతకు మించి తీసికొన్నవారిది మంచి బోధన. 70కి తగ్గక 80కి లోబడినది తృప్తికరము. అంతకు దిగువది తృప్తికరము కాదు. అసిస్టెంటు ప్రొఫెసరునకు వారమునకు 16 గంటలు, పై రెండు హోదాలవారికి 14 గంటలు ప్రత్యక్షబోధన నిర్ణయింపబడెను. అధ్యాపకుడు తరగతికి పోయెనా లేదా యని యడుగుట న్యాయమే, పోనివారును కలరు. కాని తరగతి గదిలో ఏమి జరిగినదో ఈ లెక్క చెప్పదు. ఒకే గైడును ఇరువదేండ్లు చదివి వినిపించినవాడును, ఏటేట పాఠమును మార్చుకొన్నవాడును ఇందు సమానులే. పరిశోధన కట్లు కాదు. ప్రతి వ్యాసమునకు ప్రత్యేకముగా మార్కు కలదు. కావున తెలివిగల యువాధ్యాపకుడు తన శ్రమ నెటు మరల్చునో ఊహించుట కష్టము కాదు.

సమీక్షా సంఘము అడుగని సంపుటము నెందుకు కూర్చవలెనని కొందరు మిత్రులు నన్నడిగిరి. నా సమాధానము నా యనుభవములో నున్నది. కొన్ని యేండ్ల క్రిందట నేనొక ఇంటర్వ్యూకు మూడు లావుపాటి ఫైళ్లు మోసికొనిపోతిని. సదస్సుల ధ్రువపత్రములు, పునశ్చరణ తరగతుల పత్రములు, ఆహ్వానపత్రికలు, సన్మానము నాటి ఫోటోలు సైతము అందుండెను. సభ్యులలో నొక వృద్ధాచార్యులు వానిని ఓపికతో తిరుగవేసి, “ఇవన్నీ బాగున్నాయండీ. మీ దగ్గర చదువుకున్న పిల్లవాడికి రాకముందు ఏమి తెలియదు, వెళ్లేటప్పటికి ఏమి తెలిసింది? అదొక్కటి చూపించండి” అనిరి. నేను ఉత్తీర్ణుల శాతము చెప్పితిని. “అది మీ గొప్పతనమా, గైడు గొప్పతనమా?” అని వారు నవ్విరి. ఆ యేడు నాకు పదోన్నతి రాలేదు. ఆ ప్రశ్నయే కారణమని చెప్పజాలను గాని, ఇంటికి వచ్చి బీరువా అంతయు వెదకినను దానికి సమాధానముగా ఒక్క కాగితమును దొరకలేదు.

పోర్ట్‌ఫోలియో యను మాటకు ఇటాలియను మూలమున ఆకులను మోయునదని యర్థము. మన సీమలో ఆకుల కట్టలకు పాతపేరు కవిలె. గ్రామకరణము తాటాకులపై పొలముల లెక్కలు, మాన్యములు, మిరాశీలు ఎప్పటివప్పుడు వ్రాసి కట్టి యుంచెడివాడు. పందొమ్మిదవ శతాబ్దారంభమున కల్నల్ మెకంజీ తరఫున కావలి సోదరులు మొదలగువారు స్థానిక చరిత్రలను సేకరింప బూనినపుడు గ్రామములవా రిచ్చిన వృత్తాంతములు కైఫీయతులు. అడిగినవారి కొరకు అడిగిననాడు వ్రాసియిచ్చినది కైఫీయతు. ఎవ్వరు నడుగకున్నను జరిగినది జరిగినట్లు ముందే వ్రాసికొన్నది కవిలె. కవిలెను ముందుంచుకొని చెప్పిన కైఫీయతుకును, వినికిడిని బట్టి చెప్పినదానికిని విలువలో నెంత భేదమో చరిత్ర పరిశోధకు లెరుగుదురు. సమీక్షకు సమర్పించు సంపుటము కైఫీయతు వంటిది. దానికి వెనుక కవిలె యుండవలెను. మనవారు సమీక్ష నోటీసు వచ్చిన వారమున కైఫీయతు వ్రాయ బూనుదురు. నావలెనే వెనుక కవిలె లేక ధ్రువపత్రములతో నింపుదురు.

కాబట్టి మొదటి పని, సెమిస్టరు ఆరంభమున ఒక నోటుపుస్తకమును, ఒక అట్టపెట్టెను సిద్ధపరచుకొనుట. పుస్తకమున ప్రతి తరగతికిని రెండు మూడు పంక్తులు చాలును: ఏమి చెప్పదలచితిని, ఏది తెలియలేదు, ఎవరే ప్రశ్న వేసిరి, వచ్చు నేడు ఏమి మార్తును. పెట్టెలో కాగితములు. వీనిలో నన్నిటికన్న విలువైనది విద్యార్థి స్వయముగా వ్రాసినది. దీనిని గూర్చి కొంత విస్తరించి చెప్పెదను.

నేను ఎం.ఏ. మొదటి యేడువారికి ప్రబంధ పాఠము చెప్పుదును. కొన్ని యేండ్లుగా తొలివారమున మనుచరిత్రమునుండి వారెన్నడును చదువని యొక పద్యమునిచ్చి, ప్రతిపదార్థము, అన్వయము, భావము వ్రాయుమందును. మార్కులు లేవు. కొందరు తెలిసిన మాటను పట్టుకొని కథను ఊహింతురు. కొందరు డిగ్రీలో కంఠస్థము చేసిన మరియొక పద్య తాత్పర్యమును వ్రాయుదురు. సమాసము ఎక్కడ విరుగునో, క్రియ యెక్కడ నున్నదో వెదకినవా రరుదు. పండ్రెండవ వారమున అంతే క్లిష్టమైన మరియొక క్రొత్త పద్యము నిత్తును. రెండు కాగితములకును నకళ్లు తీయించి, పేరు కప్పివేసి, ప్రక్కప్రక్కన అంటింతును. ఒక విద్యార్థి రెండవ కాగితమున రెండు పదములకు అర్థము తప్పు వ్రాసెను. కాని మొదట క్రియను గుర్తించి, దానికి కర్తను వెదకి, మిగిలిన విశేషణములను వానికి చేర్చెను. మొదటి కాగితమున తప్పు తక్కువయే. ఏలయన అది యతనిది కాదు. ఈ భేదమును మార్కులపట్టిక చూపలేదు. జతగా నున్న ఆ రెండు కాగితములును, వాని యంచున నేను ఎర్రసిరాతో వ్రాసిన మాటలును, క్రింద నాలుగు పంక్తుల వివరణయు చేరిన పుటను ఏ సంఘమైనను రెండు నిమిషములలో చదివి గ్రహింపగలదు.

ఇందు రెండు నియమములు పాటింపవలెను. విద్యార్థి యనుమతి లేక అతని వ్రాతను చేర్పరాదు, పేరు కనబడరాదు. ఇక, ఉత్తమ విద్యార్థిని మాత్రమే చూపరాదు. తరగతిలో మొదటివాని కాగితము, నడిమివాని కాగితము, మెరుగుపడనివాని కాగితము మూడును ఉండవలెను. మూడవది చేర్చుటకు మనస్సు ఒప్పదు. కాని దానిక్రింద ‘ఇతనికి నా పద్ధతి పనిచేయలేదు, కారణమిది యని తోచుచున్నది’ అని వ్రాసినవాని మాట మొదటి కాగితము విషయముననుకూడ నమ్మదగియుండును.

ఇక స్థలకాలముల సంగతి. సమీక్షకులు తరచుగా ఇతర ప్రాంతములవారు. శాతములను మాత్రము చూచిన వారికి మన తరగతి యర్థము కాదు. అనంతపురమున సగటు వర్షపాతము ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటునిటు. నైరృతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును, ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చులోపల బలము తగ్గును. ఎర్రనేలలలో వానను నమ్ముకొని వేయు వేరుసెనగయే అనేక కుటుంబములకు దశాబ్దములుగా ఆధారము. జూన్, జూలై నెలలలో విత్తుదురు. అక్టోబరు, నవంబరులలో చెట్టు పెరుకుదురు. ఆ వారములలో మా తరగతి పలుచనగును. వాన తప్పిన యేడు తలిదండ్రులు బెంగుళూరు వైపు కూలికి పోగా, ముసలివారిని, చిన్నవారిని చూచుకొనుటకు ఇంట నిలిచిపోవు విద్యార్థినులును కలరు. కళాశాల మెట్లెక్కినవారు తమ యింట తామే మొదటివారైన విద్యార్థు లెందరో. మడకశిర వైపునుండి వచ్చువారిలో కన్నడము మాతృభాషగా గలవారు కొందరుందురు. ఆ ప్రాంతము 2022 ఏప్రిలులో ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలో చేరినను వారు చదువుకు వచ్చుట మానలేదు.

ఈ వివరములను సంపుటమున ఒక్క పుటలో చెప్పవలెను. కాని చెప్పు తీరు ముఖ్యము. కరవును చెప్పి సానుభూతి యడుగుట మన ప్రాంతమువారికి అలవాటైన దోషము; సమీక్షకుడు దానిని రెండవ వాక్యముననే పసిగట్టును. ‘కరవువలన విద్యార్థులు రాలేదు’ అను వాక్యము సాకు. ‘కోతకాలమున హాజరు తగ్గునని మూడేండ్ల పట్టికలవలన తెలిసికొని, ఒకదానిపై నొకటి ఆధారపడు ఛందఃపాఠములను ఆగస్టు, సెప్టెంబరులకు జరిపి, విడివిడిగా చదువదగిన కథానికలను, శతకములను అక్టోబరు, నవంబరులలో నుంచితిని’ అను వాక్యము బోధన. ఆ మార్పును చూపు రెండు పాఠప్రణాళికలను, పాతదానిని క్రొత్తదానిని, జతపరచినచో మరి యేమియు చెప్పనక్కరలేదు.

సీమ పరిస్థితులలో లోటులే కాదు, బోధనకు పనికివచ్చు సంపదయు కలదు. మా విద్యార్థులు నాగలిని మడక యందురు. తరగతిలో ఆ మాట పలుకుటకు సిగ్గుపడుదురు, పాఠ్యపుస్తకపు మాట కాదని. వారిచేతనే నిఘంటువు తెరిపించి ఆ మాటను చూపించిననాడు వారి ముఖములలో కలిగిన మార్పు కాగితమున నెక్కదు. అందుచేత నేను ఇంటిలో పెద్దలవద్ద వినిన యిరువది మాటలను సేకరించి నిఘంటువులతో పోల్చు పనిని వ్యాసరచనగా నిచ్చితిని. ఆ జాబితాలు పెట్టెలో చేరినవి.

విద్యార్థుల అభిప్రాయపత్రములను గూర్చి కొంచెము చెప్పిన చాలును. నాక్ సంస్థ 1994లో ఏర్పడి కళాశాలల గుణనిర్ణయమునకు పూనుకొన్న తరువాత ఇవి మనకును పరిచితములైనవి. అందరును ‘చాల బాగున్నది’ అని గుర్తుపెట్టిన పత్రముల వలన ప్రయోజనము స్వల్పము. సెమిస్టరు నడుమ పేరులేని చీటీలపై ‘ఏది తెలియలేదు?’ అని యొక్క ప్రశ్న వేసి, వచ్చిన జవాబులను, వానినిబట్టి చేసిన మార్పును చూపుట మేలు. ప్రశంసలను మాత్రము ఏరి కూర్చినచో పాఠకునకు తెలియకపోదు.

సహాధ్యాపకుని సాక్ష్యము మనలో మరింత యరుదు. ఒకరి తరగతిలో మరియొకరు కూర్చుండుటను మనము తనిఖీగా భావింతుము. నాకంటె చిన్నవారైన మిత్రు లొకరిని నేను పిలిచి వెనుకబెంచీలో కూర్చుండ బెట్టితిని. “అన్నా, నీవు ప్రశ్న వేసి జవాబు నీవే చెప్పుకుంటావు” అనిరి. పదునెనిమిదేండ్లుగా ఎవ్వరును నాతో చెప్పని సత్యమది. ఆ మాట నా సంపుటమున నున్నది.

ప్రశ్నపత్రములును మంచి సాక్ష్యమే. అధ్యాపకుడు దేనిని విద్యయని నమ్మునో అతని యుపన్యాసముకంటె అతని ప్రశ్నపత్రమే స్పష్టముగా చెప్పును. నా పాత అంతర్గత పరీక్షాపత్రములలో కవి జీవితము, కావ్య విశిష్టత తప్ప వేరు ప్రశ్నలు లేవని చూచుకొని సిగ్గుపడితిని. పరిశోధక విద్యార్థుల పర్యవేక్షణ గలవారు సిద్ధాంత గ్రంథముల జాబితాతో తృప్తిపడక, ఒక అధ్యాయము తొలి ప్రతిని, తాము దిద్దిన ప్రతిని, తుది ప్రతిని చూపవలెను.

ఇవన్నియు కూడిన తరువాత వ్రాయవలసినది బోధనా దృక్పథమను ముందుమాట. అది మొదట చదువబడును గాని చివర వ్రాయబడవలెను. ‘విద్యార్థి కేంద్రితము’, ‘సమగ్ర వికాసము’, ‘విలువలతో కూడిన విద్య’ మొదలైన మాటలు ఇందు విరివిగా దొర్లును. వానిని ఏ అధ్యాపకుని పేరుక్రింద నుంచినను చెల్లును. అదే వాని దోషము. ముందుమాటలో ప్రతి వాక్యమునకు వెనుక ఒక కాగితము నుండవలెను, ఆ కాగితము సంఖ్యను ప్రక్కన వేయవలెను. సెల్డిన్ మొదలగువారు వివరణభాగము ఎనిమిది నుండి పది పుటలకు మించరాదనియు, ఆధారములు అనుబంధముగా నుండవలెననియు చెప్పుదురు. ఇది మనకును తగిన కొలతయే. నా మూడు ఫైళ్లలో నాలుగు కాగితములైనను ఎవరును చదువలేదని ఇప్పుడు గ్రహించితిని.

అనంతపురమున 1916లో వెలసిన దత్తమండల కళాశాలలో చిలుకూరి నారాయణరావుగారు తెలుగు బోధించిరి. రాయలసీమ యను పేరును 1928లో నంద్యాల సభలో ప్రతిపాదించినవారు వారే. వారి ఆంధ్రభాషా చరిత్రము మనకు లభించుచున్నది. ఈ జిల్లా రాళ్లపల్లి గ్రామమున జన్మించిన అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుండి 1949 వరకు తెలుగు చెప్పిరి. వేమనను గూర్చిన వారి యుపన్యాసములు గ్రంథరూపమున నుండుటచేత ఆ వాణిని కొంత వినగలము. కాని సాధారణ దినమున, పదిమంది విద్యార్థుల ముందు, ఒక పద్యమును వారెట్లు విడదీసెడివారో తెలుపు నోటుపుస్తకము మన చేతిలో లేదు. తెలుగు బోధన చరిత్ర వ్రాయబూనినవానికి ఎంతటి యాధారము పోయినదో పరిశోధక విద్యార్థు లాలోచింపవలెను.

ఈ సంపుటము అత్యవసరమైనది ఎవరికో చెప్పి విరమించెదను. స్థిరోద్యోగము గలవారు దీనిని కూర్చకున్నను జీతము ఆగదు. అకడమిక్ కన్సల్టెంట్లుగా, అతిథి అధ్యాపకులుగా ఏడాదికొక నియామకపత్రముతో పనిచేయువారు మనలో కలరు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1968లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రముగా ఆరంభమై 1981లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైన నాటినుండి ఈ ప్రాంతమున పి.హెచ్‌డి. పట్టము పొందినవారు పెరిగిరి. స్థిరమైన ఖాళీలు ఆ లెక్కను పెరుగలేదు. ఒక కన్సల్టెంటు అయిదేండ్లు పాఠము చెప్పి మరియొక చోటికి పోవునపుడు, అతని చేతికి వచ్చునది ‘పనిచేసెను’ అను ఒక్క వాక్యపు అనుభవపత్రము. అందు బోధన గుణమును గూర్చి యొక్క మాటయు నుండదు. ఆ పత్రముతోపాటు పది పుటల సంపుటము నిచ్చినవానిని ఇంటర్వ్యూ సంఘము తప్పక ఎంచుకొనునని నేను చెప్పజాలను. ఎంపికలకు వేరు కారణము లుండవచ్చును. కాని అడిగిన ప్రశ్నకు అతని యొద్ద సమాధానముండును, నా యొద్ద ఆనాడు లేనిది.

ఒక్క హెచ్చరిక. అంతర్గత పరీక్షల జవాబుపత్రములను కళాశాలలు కొంతకాలమునకు మించి నిలువ నుంచవు. వేసవి సెలవులలో గది ఖాళీ చేయునపుడు తూకమునకు పోవును. కావలసినవానికి ఏప్రిలు లోపలనే అనుమతి పొంది నకళ్లు తీసికొనవలెను.